నలభై ఏడుకి పిలుపులు

జూన్ 6, శుక్రవారం

చెల్లాయ్,

ఇంట్లో ఉన్నది ఒక్కడే, వాడు బాగున్నాడు. ఆనకట్ట ఆఫీసులో నువ్వూ బాగున్నావనుకుంటున్నాను.

ఒక పని మీద రాస్తున్నాను. పోయిన నెలలో మన కంప్యూటరు బాగా నెమ్మదించింది. రెండు వీధుల అవతల కంప్యూటర్లు బాగుచేసే ఆవిడకి చూపించాను. ఆవిడ దుమ్ము దులిపి, అందులో ఒక కాపలా ప్రోగ్రాం పెట్టి ఇచ్చింది. కంప్యూటరు ఎవరితో మాట్లాడబోయినా తెర మూల చిన్న చీటీ లేస్తుంది. ఫలానాది ఫలానా నంబరుతో మాట్లాడబోతోంది, పోనివ్వాలా, ఆపాలా అని అడుగుతుంది.

ఆ చీటీలకి అంతు లేదు. అన్నీ ఒకటే రకం. ప్రింటర్, స్కానర్ సేవ అట. చివర నలభై ఏడు ఉన్న నంబరుతో మాట్లాడాలంటుంది. మన ఇంట్లో ప్రింటరూ లేదు, స్కానరూ లేదు. రెండూ కలిసి ఉన్న నీ యంత్రాన్ని నువ్వు పట్టుకెళ్లి పది నెలలు. లేని వస్తువు ఎవరితో మాట్లాడుతోందో తెలియలేదు.

రోజు పుస్తకంలో దీనికొక పేజీ పెట్టాను. నిన్నటిది ఇదీ:

5.35 – స్కానర్ – 47
5.40 – ప్రింటర్ – 47 – ఆరు సార్లు
5.45 – స్కానర్ – 47
5.55 – స్కానర్ – 47
10.20 – ప్రింటర్ – 47 – నాలుగు సార్లు

మిగతాది రాస్తే ఉత్తరం బరువెక్కుతుంది.

కింది వాటా మాస్టారు చూసి, "ఎవడో స్కానర్ దారిన దూరి నీ ఇల్లంతా చూస్తున్నాడయ్యా. ముందు తీగ పీకెయ్" అన్నారు. బయటినుంచి వచ్చే ఇంటర్నెట్ తీగ పీకేశాను. చీటీలు మాత్రం ఆగలేదు. తీగ లేకుండా దొంగ ఎలా వస్తున్నాడని అడిగితే మాస్టారు స్నానానికి టైమైందని వెళ్లిపోయారు.

ఈ పనులు నీకు తెలుసు కాబట్టి అడుగుతున్నాను. నా ముందు నగల కొట్టువాళ్ల కాటా ఉంది. ఎడం పక్కకి వాలుతోంది. సరిచేసి రేపు ఇవ్వాలి.

ఉంటాను.
అన్నయ్య


జూన్ 11, బుధవారం

మౌనస్వామి గారి సన్నిధికి,

పది నెలల్లో నీ దగ్గర్నుంచి ఇది నాలుగో ఉత్తరం. ముందు మూడూ కలిపి అతికించినా దీనంత పొడుగు రావు. మనుషుల గురించి రాయమంటే నీకు చెయ్యి రాదు, చీటీల గురించైతే రెండు పేజీలు! ఆ ప్రింటరుకి రుణపడిపోయాను.

కంగారుపడకు. నలభై ఏడు దొంగ కాదు. నేనే! ఇంట్లో ఉన్నప్పుడు నా యంత్రానికి ఆ నంబరు ఇచ్చింది నేను. అది ఇల్లు విడిచి వెళ్లిందని మన కంప్యూటరుకి ఎవరూ చెప్పలేదు. వంటింట్లోంచి పక్క గదిలో మనిషిని పిలిచినట్టు, ఉందనుకునే పిలుస్తోంది. ఆ పిలుపు ఇల్లు దాటదు. అందుకే బయటి తీగ పీకినా ఆగలేదు. మాస్టారికి చెప్పు, నిదానంగా స్నానం చెయ్యమని.

ప్రింటర్ల జాబితా తెరువు. అందులో "చెల్లి గది" అని ఒక పేరుంటుంది. దాన్ని తొలగించెయ్. గొడవ వదిలిపోతుంది.

ఇక్కడ సంగతులు. మా హాలు పొడుగ్గా రైలు పెట్టెలా ఉంటుంది. ఒక పక్కంతా బల్లపరుపు సొరుగులు. వాటినిండా ఆనకట్ట కట్టినప్పటి పటాలు, ఒక్కొక్కటీ దుప్పటంత. మడతల దగ్గర పొడి రాలుతోంది. మడతలు విప్పి, ఇస్త్రీ చేసినట్టు సాపు చేసి, పెద్ద స్కానర్లోకి ఎక్కిస్తాం. నా కింద నలుగురు. నిన్న ఒక పటం అంచున పెన్సిలుతో "ఈ కొలత నేను తీయలేదు, పెద్దసారు ఊహించారు" అని రాసి ఉంది. ఎవరో ఆ కాలపు డ్రాఫ్ట్స్‌మన్, నోరు విప్పలేక అంచున రాసుకున్నాడు. నువ్వే గుర్తొచ్చావు.

ఫోన్ గురించి అడక్కు. ఇక్కడ సిగ్నల్ లేదు. ఆఫీసు ఫోను ఆఫీసుకే, సొంత మెయిళ్లు అసలే కుదరవు. అన్నీ ఉన్నా నువ్వు ఫోన్లో "ఊఁ" అనడం తప్ప ఏం చేస్తావు గనక? బుధవారం పొద్దున పడవ వస్తుంది, మధ్యాహ్నం వెనక్కి పోతుంది. ఆ మధ్యలోనే ఉత్తరాలు చదవడం, రాయడం.

అసలు సంగతి. నా ఏడాది ఒప్పందం ఆగస్టుతో అయిపోతుంది. ఇంకో మూడేళ్లు ఉండమంటున్నారు. రెండు గదుల క్వార్టర్సు ఇస్తారట, బాల్కనీ కూడా. జూలై 31కల్లా సంతకం పెట్టాలి, లేకపోతే వేరేవాళ్లని చూసుకుంటారు. ఏం చేయమంటావు?

నీ చెల్లి


జూన్ 19, గురువారం

చెల్లాయ్,

ఇంట్లో అందరం క్షేమం. అందరం అంటే నేనే.

నలభై ఏడు నువ్వేనని తెలిశాక మనసు కుదుటపడింది. కాకపోతే నువ్వు చూస్తున్నావని ముందే రాయాల్సింది. మొదటి రెండు వారాలూ బనీనుతోనే కూర్చున్నాను. ఇప్పుడు చొక్కా వేసుకుంటున్నాను. కంప్యూటరు వేసే ముందు తల దువ్వుకుంటున్నాను. బల్ల కింద పేరుకున్న అట్టపెట్టెలు తీసేశాను. వెనక గోడమీద పెచ్చు ఊడిన చోట క్యాలెండరు తగిలించాను. ఇప్పుడు చూడ్డానికి బాగుందనుకుంటాను.

నాకేం అభ్యంతరం లేదు. చూడాలనిపించినప్పుడు చూస్తూ ఉండు. ఏ వేళప్పుడు చూస్తావో తెలిస్తే ఆ వేళకి కూర్చుంటాను. ఐదూ నలభైకి చూస్తున్నట్టుంది, ఆ టైముకి చీటీలు ఎక్కువ వస్తున్నాయి.

"చెల్లి గది" పేరు ఇంకా తీయలేదు. తీస్తే నీకు కనపడదు కదా.

సర్టిఫికెట్లు వీధి చివర కొట్లో ప్రింటు తీయించుకుంటున్నాను. కాటా సరిచూసిన ప్రతిసారీ పెన్‌డ్రైవు జేబులో వేసుకుని నడుస్తున్నాను. నడక మంచిదే.

మూడేళ్ల సంగతి అడిగావు. నీ ఇష్టం.

ఉంటాను.
అన్నయ్య


జూన్ 25, బుధవారం

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి పడీ పడీ నవ్వాను. పక్క గదిలో ఉండే టైపిస్టమ్మ పరిగెత్తుకొచ్చి "ఎవరికేమైంది?" అంది. "మా అన్నయ్య స్కానర్ ముందు తల దువ్వుకుంటున్నాడు" అన్నాను. ఆవిడకి నవ్వు రాలేదు. "పాపం" అంది. ఆ మాట విన్నాక నాకూ నవ్వు పోయింది.

స్కానర్ కెమెరా కాదయ్యా. గాజు పలక మీద పెట్టిన కాగితం తప్ప దానికి ఇంకేమీ కనపడదు. పైగా ఆ యంత్రం ఇక్కడ నా గదిలో మంచం పక్కన దుప్పటి కప్పుకుని పడుంది. తీగ కూడా తగిలించలేదు. ఆఫీసులో పెద్దది ఉండగా దానితో పనేముంది? నేను నీకు కనపడటం లేదు, నువ్వు నాకు కనపడటం లేదు. "నేనే" అని సరదాకి రాశాను, నువ్వు రాసింది రాసినట్టు నమ్ముతావని మర్చిపోయాను.

ఇంకో సంగతి. చాటుగా చూసేదాన్నని ఎలా అనుకున్నావు? మీ బావగారు పోయాక ఎనిమిదేళ్లు నీ ఇంట్లో ఉన్నాను. నీ సొరుగు ఒక్కసారి తెరిచానా? నీ రోజు పుస్తకం బల్ల మీద తెరిచిపెట్టి వెళ్లేవాడివి. ఏనాడైనా అందులోకి తొంగిచూశానా?

సరే, పని చెప్తాను. నీ లెక్కలో రెండు రకాల పిలుపులు కలిసిపోయాయి. స్కానర్‌ది పది నిమిషాలకొకసారి తప్పకుండా వస్తోంది. కంప్యూటరు వేయగానే తనంతట తనే మొదలయ్యే ప్రోగ్రాం ఒకటి ఉంది, ఇది దాని పని. మొదలయ్యేవాటి జాబితాలోకి వెళ్లి దాని ఎదురుగా ఉన్న టిక్కు తీసెయ్. ప్రింటర్‌ది అలా కాదు, ఒకో వేళకి గుంపుగా వస్తోంది. అది ఎందుకో చూడాలి. స్కానర్‌ని ఆపి, "చెల్లి గది" తొలగించి, రెండు వారాలు లెక్క రాసి పంపు. టైము ఒక వరస, ఏది పిలిచిందో ఒక వరస, అప్పుడు నువ్వు ఏం చేస్తున్నావో ఇంకో వరస.

ఇక నీ "నీ ఇష్టం". నీకు సంబంధాలు వచ్చిన రోజుల్లోనూ ఇదే మాట, "మీ ఇష్టం". ఆఖరికి ఎవరిష్టమూ కాకుండా మిగిలిపోయావు. నాతో అలా అనకు. పోయిన జూలైలో నువ్వు నాతో అన్న మాట నీకు గుర్తుందో లేదో. ఆస్పత్రివాళ్ల పాత రికార్డులు ఏడొందల పేజీలు స్కాన్ చేసి నడుం పట్టేసి లేచాను. నువ్వు కాటా రెండు చేతుల్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఇల్లు ఇరుకైంది" అన్నావు. అంతే, వెళ్లిపోయావు. వారం తిరక్కుండా ఈ ఉద్యోగం ప్రకటన కనపడింది. అప్లై చేశానంటే "మంచిదే" అన్నావు.

ఉండమంటావా, రమ్మంటావా? రెండిట్లో ఒకటి రాయి. చీటీల గురించి రాసినంత శ్రద్ధగా రాయి.

చెల్లి


జూలై 12, శనివారం

చెల్లాయ్,

నువ్వు చెప్పినట్టే చేశాను. టిక్కు తీశాక స్కానర్ పిలుపు ఒక్కటీ రాలేదు. కాపలా చీటీలు బాగా తగ్గాయి. నీకు ఈ విద్య ఎవరు నేర్పారో గానీ గట్టిగా నేర్పారు.

స్కానర్ కెమెరా కాదని తెలిసింది. నువ్వు చాటుగా చూస్తావని నేను అనుకోలేదు. చూస్తున్నావనుకున్నాను, అంతే. తప్పుగా రాసుంటే ఏమీ అనుకోకు.

"చెల్లి గది" తొలగించాను.

రెండు వారాల లెక్క వేరే కాగితం మీద జత చేశాను. మచ్చుకి మూడు రోజులవి ఇక్కడ రాస్తున్నాను, కాగితం విడిపోతే ఇవైనా ఉంటాయి.

జూలై 3. 5.40 – ప్రింటర్, 47 – కూర్చుని ఉన్నాను.
జూలై 3. 10.15 – ప్రింటర్, 47 – కూరగాయల మార్కెట్ కాటాల సర్టిఫికెట్ రాస్తున్నాను.
జూలై 4. 5.40 – ప్రింటర్, 47 – కూర్చుని ఉన్నాను.
జూలై 6, ఆదివారం. 5.40 – ప్రింటర్, 47 – కూర్చుని ఉన్నాను.
అదే రోజు 11.00 – ప్రింటర్, 47 – కూర్చుని ఉన్నాను.
అదే రోజు 4.30 – ప్రింటర్, 47 – కూర్చుని ఉన్నాను.

ఇంకో మాట. మాస్టారి చుట్టం ఒకాయన ఈ ఊరికి బదిలీ మీద వచ్చాడు. ఉండడానికి గది వెతుక్కుంటున్నాడు. మాస్టారు వెంటపెట్టుకొచ్చారు. నీ గది చూపించాను. గాలీ వెలుతురూ ఉన్నాయని మెచ్చుకున్నాడు.

క్వార్టర్సుకి బాల్కనీ ఉందన్నావు. గాలి వస్తుంది. మూడేళ్లంటే పని కూడా స్థిరంగా ఉంటుంది. మంచిదే.

వానలు మొదలయ్యాయి. మేడ మెట్ల దగ్గర నీళ్లు నిలుస్తున్నాయి, ఇటుక వేశాను.

ఉంటాను.
అన్నయ్య


జూలై 16, బుధవారం

అన్నయ్యా,

నీ లెక్క మూడుసార్లు చదివాను. పడవ వెళ్లిపోయేలోపు రాయాలి కాబట్టి సూటిగా రాస్తున్నాను.

మొదటిది. "చెల్లి గది" తొలగించలేదు నువ్వు. తొలగిస్తే కంప్యూటరుకి నలభై ఏడు అన్న నంబరే గుర్తుండదు. నీ కాగితంలో మాత్రం పదకొండో తారీకు దాకా నలభై ఏడే ఉంది. అబద్ధం ఉత్తరంలో రాశావు. లెక్కలో రాయడం నీ వల్ల కాలేదు.

రెండోది. ప్రింటర్ పిలుపు ఎందుకు వస్తుందో ఇప్పుడు తెలిసింది. కంప్యూటర్లో ఏదైనా ఉత్తరంలాంటి కాగితం తెరిస్తే, అది ముందుగా ప్రింటర్ని అడుగుతుంది, నీ దగ్గర కాగితం ఎంత వెడల్పు, అంచు ఎంత వదలాలి అని. ప్రింటరు పలక్కపోతే మళ్లీ మళ్లీ అడుగుతుంది. అందుకే గుంపుగా వస్తున్నాయి. పదింటికి వచ్చేవి నీ సర్టిఫికెట్లు. అది సరే. మరి పొద్దున్నే ఐదూ నలభైకి? సర్టిఫికెట్లు నువ్వు టిఫిను కాకుండా ముట్టుకోవు, నాకు తెలుసు. పైగా ఆదివారం మూడుసార్లు! కూర్చుని ఉన్నానంటావు. కూర్చుంటే ప్రింటరుని పిలవదన్నయ్యా, కాగితం తెరిస్తేనే పిలుస్తుంది. రోజూ తెల్లారకముందే లేచి ఏ కాగితం తెరుస్తున్నావు?

చెప్పనక్కర్లేదులే, నేనే ఊహించాను. గది చూపించానన్నావు. వెలుతురు మెచ్చుకున్నాడన్నావు. అద్దె కాగితం రాసుకుంటున్నావు. అడిగితే నేనే "ఇచ్చుకో" అనేదాన్ని కదా. ఇల్లు నీది. దానికి పొద్దున్నే లేచి దొంగచాటుగా రాసుకోవడం ఎందుకు? అలమరలో నా చీరలున్నాయి, పై అరలో మీ బావగారి ఫోటోలున్నాయి. వాటిని అట్టపెట్టెలో సర్ది ఎక్కడో ఒకచోట ఉంచు. తడవనివ్వకు.

ముప్ఫయ్యో తారీకున పడవ ఉంది. ఆ రోజు దాకా చూస్తాను. నువ్వేమీ రాయకపోతే ముప్ఫైఒకటిన సంతకం పెట్టేస్తాను. రాసినా ఏం రాస్తావు, "మంచిదే" అంటావు.

టైపిస్టమ్మ ఇంకా అడుగుతోంది, మీ అన్నయ్య తల దువ్వుకుంటున్నాడా అని. తెలియదన్నాను.

చెల్లి


జూలై 25, శుక్రవారం

చెల్లాయ్,

అద్దె కాగితం కాదు.

మాస్టారి చుట్టానికి గది చూపించాను. కుదరదని కూడా చెప్పాను. మొదటిది నీకు రాశాను, రెండోది రాయలేదు. మాస్టారు వదలకుండా అడుగుతుంటే, లోపల నీ వస్తువులు ఎలా ఉన్నాయో ఒకసారి చూపిస్తే ఆయనే ఊరుకుంటారని తలుపు తీశాను. ఆ చుట్టం నీ అలమర చూసి, "ఎవరో ఉంటున్నారు కదండీ ఇక్కడ" అన్నాడు. అవునన్నాను. చీరలు కదపలేదు. ఫోటోలు కదపలేదు.

"చెల్లి గది" తీసేశానని అబద్ధం రాశాను. మూడుసార్లు ప్రయత్నించాను. మౌసు దాని మీద పెట్టి నొక్కితే, "చెల్లి గది – తొలగించాలా? అవును, కాదు" అని అడుగుతోంది. అలా అడిగితే అవునని ఎలా నొక్కుతాను?

ఐదూ నలభైకి తెరిచేది ఒక ఉత్తరం. నీకు రాసేదే. నువ్వు వెళ్లిన మర్నాడు మొదలుపెట్టాను. చేత్తో రాస్తే కొట్టివేతలు కనపడతాయి. కంప్యూటర్లో కొట్టేస్తే కొట్టేసినట్టు కూడా తెలియదు, అందుకని అందులో రాశాను. మొదట్లో మూడు పేజీలుండేది. రోజూ పొద్దున తెరుస్తాను, చదువుతాను, ఒక వాక్యం అబద్ధంలా ఉంటుంది, ఒకటి నిష్ఠూరంలా ఉంటుంది. తీసేస్తాను. కాటాలో ఎక్కువైనది తీస్తూ పోతే ముల్లు మధ్యకి వస్తుంది. ఇది ఎంత తీసినా రాలేదు. పదకొండు నెలల తరవాత ఐదు వాక్యాలు మిగిలాయి. రోజూ తెరవగానే ఇది నీ యంత్రాన్ని పిలుస్తోందని నాకు తెలియదు. తెలిస్తే ఆ లెక్క నీకు పంపేవాణ్ణి కాదేమో.

ఆ ఐదు వాక్యాలు ఇవి.

"ఇల్లు ఇరుకైంది అన్నది బల్ల గురించి. కాటా దించడానికి చోటు లేక అన్నాను. నువ్వు వెళ్లాక బల్ల ఖాళీ అయింది, అయినా కాటా నేల మీదే పెట్టుకుని పనిచేస్తున్నాను. ఈ ఇంట్లో ఎక్కడ కూర్చోవాలో తెలియడం లేదు. వచ్చెయ్."

చివరి మాట చాలాసార్లు తీసేశాను, మళ్లీ పెట్టాను. ఇప్పుడు సిరాతో రాశాను కాబట్టి తీయడం కుదరదు.

అన్నయ్య

జూలై 28, సోమవారం. ఈ ఉత్తరం మూడు రోజులుగా చొక్కా జేబులో ఉంది. శనివారం పోస్టాఫీసు దాకా వెళ్లాను. డబ్బా దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు, వాళ్లు వెళ్లాక వేద్దామని ఆగాను, వాళ్లు వెళ్లిపోయారు, నేనూ వెనక్కి వచ్చేశాను. ఈ రోజు వేస్తున్నాను. బుధవారం పడవకి అందుతుందో లేదో.


ఆగస్టు 6, బుధవారం

అన్నయ్యా,

అందలేదు.

ముప్ఫయ్యో తారీకున పడవ రేవులో నిలబడి సంచీ విప్పేదాకా చూశాను. టైపిస్టమ్మకి రెండు ఉత్తరాలొచ్చాయి. మర్నాడు సాయంత్రం ఐదు దాటాక సంతకం పెట్టాను. నీ ఉత్తరం ఈ రోజు వచ్చింది.

చదివి కొత్త క్వార్టర్సు బాల్కనీలో కూర్చున్నాను. టైపిస్టమ్మ టీ తెచ్చి పెట్టి వెళ్లింది. అది చల్లారిపోయింది.

ముందు కోపమొచ్చింది. పదకొండు నెలలు ఐదు వాక్యాలు చెక్కావు, ఆఖరికి డబ్బా దగ్గర ఎవరో ఉన్నారని జేబులో పెట్టుకుని తిరిగావు! ఆ ఎవరో నీ ఉత్తరం లాక్కుని చదువుతారా? తరవాత నామీద నాకే వచ్చింది. "ఇల్లు ఇరుకైంది" అన్నప్పుడు, "ఏం, నేను పోవాలా?" అని ఒక్కమాట అడగొచ్చు కదా. నోరున్నదాన్ని నేను. నీకు మాట రాదని తెలిసీ, నీ మాట కోసమే చూశాను.

ఇప్పుడు నిజం చెప్తాను, నువ్వు చెప్పావు కాబట్టి. ఒప్పందం మధ్యలో వదిలేసి రమ్మంటే నేను రాను. పదకొండు వేల పటాలు మిగిలున్నాయి. నా కింద ఉన్న నలుగురికి ఇప్పుడిప్పుడే చెయ్యి తిరుగుతోంది. పొద్దున సొరుగు లాగితే ఎవరో ఎప్పుడో గీసిన గీత నా చేతిలోకి వస్తుంది. అది చెడిపోకముందే తీసి దాచానంటే రోజంతా హాయిగా ఉంటుంది. ఇల్లు ఇరుకైందని వచ్చాను, పని నచ్చి ఉన్నాను. రెండూ నిజమే. నీ ఉత్తరం ముప్ఫయ్యో తారీకునే అంది ఉంటే సంతకం పెట్టేదాన్ని కాదు, అదీ నిజమే. ఈ మూడిట్లో ఏది ఎక్కువ బరువో నాకు తేలడం లేదు. నువ్వు కాటాలవాడివి, నీకేమైనా తేలితే చెప్పు.

మూడేళ్లు. నూట యాభైకి పైగా పడవలని లెక్కపెట్టాను.

మళ్లీ "నీ ఇష్టం" అని రాయకు. అది మాత్రం భరించలేను.

చెల్లి


ఆగస్టు 9, శనివారం

చెల్లాయ్,

నీ ఉత్తరం ఈ రోజు పదకొండింటికి వచ్చింది. పన్నెండింటికి జవాబు రాస్తున్నాను. ఒక్కసారే రాస్తాను, మళ్లీ చదవను.

నీ ఇష్టం అని రాయను. నాకు ఇష్టం లేదు. మూడేళ్లు చాలా ఎక్కువ. నువ్వు సంతకం పెట్టడం తప్పని అనడం లేదు. ఆ పటాల గురించి నువ్వు రాసింది చదివితే, మానెయ్యమని చెప్పడానికి నోరు రాదు. అయినా నాకు ఇష్టం లేదు. ఈ మాట చెబితే నువ్వు పని మానుకోవాల్సి వస్తుందేమోనని ఇన్నాళ్లూ చెప్పలేదు. నువ్వు మానుకోనన్నావు. ఇప్పుడు చెప్పడానికి భయం లేదు.

బరువుల సంగతి అడిగావు. కాటా ఏది ఎక్కువో చెబుతుంది. ఎక్కువైనదాన్ని ఏం చేయాలో చెప్పదు.

మార్కెట్ కాటాలు వచ్చే నెలకి వాయిదా వేశాను. ఆ కొట్లవాళ్లు, "ఇరవై ఏళ్లలో మొదటిసారి, ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు. మా చెల్లెలి దగ్గరికి వెళ్తున్నానన్నాను. "మీకు చెల్లెలుందా?" అన్నాడు ఉల్లిపాయల ఆయన. ఉందన్నాను. ఆయన ఇంకేం అడగలేదు గానీ, నేనే నిలబడి నీ గురించి కాసేపు చెప్పాను. పటాల సంగతి చెప్పాను. ఆయనకి బేరం తగిలేదాకా చెప్పాను.

మంగళవారం బస్సెక్కి రేవు దగ్గర దిగుతాను. అక్కడ బస దొరుకుతుందని మాస్టారు కనుక్కుని చెప్పారు. బుధవారం పొద్దున పడవ ఎక్కుతాను. పది రోజులు ఉంటాను. నువ్వు వెళ్లమన్నా ఉంటాను.

ఈ ఉత్తరం ఇప్పుడే వెళ్లి డబ్బాలో వేస్తాను, పక్కన ఎవరున్నా వేస్తాను. ఇది కూడా ఆ బుధవారం పడవలోనే వస్తుంది. సంచీ విప్పడానికి ముందే నేను దిగుతాననుకుంటాను. దిగాక నాకు మాట రాకపోతే ఏమీ అనుకోకు. ఇది నీ చేతికి వచ్చేదాకా కాస్త ఆగు.

అన్నయ్య